బోధకునికి బోధ: దానికి వలయు ధనము

గ్రామమునకు వచ్చి రైతునకు పంటల విషయమై సలహా చెప్పువానిని మనము వ్యవసాయాధికారి యనియో, శాస్త్రవేత్త యనియో పిలుచుచుందుము. ఆయన చెప్పినది ఫలించినచో మెచ్చుకొందుము, ఫలింపకున్న నిందింతుము. కాని ఆయనకు ఆ విద్య యెచటనుండి వచ్చినది, ఆయన తుదిసారి పాఠము నేర్చుకొని యెన్నేండ్లయినది, ఆ పాఠమునకు ధనమిచ్చిన వారెవరు అను ప్రశ్నలు వేయువారు మనలో అరుదు. ఈ మాసమున ఆ విషయమును సభ్యులకు విశదపరచ నెంచితిమి.

ఇది సర్కారువారి సంగతి గదా, సహకార సంఘమునకు దీనితో నేమి పని యని కొందరనవచ్చును. సంఘము అప్పిచ్చునది పంటను నమ్మి. ఆ అప్పు తీరునది పంటవలన. తప్పు మందు చల్లి, తగని విత్తనము వేసి, పెట్టుబడి పోగొట్టుకొన్న రైతు వాయిదా చెల్లింపలేడు. ఒక్కరి బాకీ నిలిచిన సంఘమంతయు దాని బరువు మోయవలయును. కావున మంచి సలహా సంఘమునకు హామీపత్రము వంటిది. ఆ సలహా చెప్పువాని విద్య పాతబడకుండ చూచుకొనుట మన స్వకార్యమే.

ఏటేట మారుచున్న సేద్యము

ప్రకాశం బ్యారేజి క్రింద కృష్ణాడెల్టా ఆయకట్టు దాదాపు 13 లక్షల ఎకరములు. సార్వాకు వరి నాటుట, కోతకు ముందు పదునున్న మడిలో మినుము చల్లుట మన పెద్దలనాటి క్రమము. తెల్లదోమవలన వ్యాపించు పల్లాకు తెగులును, బంగారుతీగ యను కలుపును పలుతావుల మినుమును దెబ్బతీయగా, వరి కోసిన మాగాణులలో దున్నకయే మొక్కజొన్న విత్తు పద్ధతి ప్రబలెను. పైరు మారినప్పుడు దాని వెంట పురుగులును, కలుపును, ఎరువుల లెక్కయు మారును. నాటిన వరికి నేర్చుకొన్న పాఠము దున్నని మొక్కజొన్నకు పనికిరాదు.

ఇంతలో 2018లో కత్తెరపురుగు వచ్చెను. ఇది అమెరికా ఖండములకు చెందినది. 2016లో ఆఫ్రికాకు ప్రాకెను. 2018లో మన దేశమున మొదట కర్ణాటకమున కనబడి, ఆ యేడే ఆంధ్రదేశమున ప్రవేశించెను. అంతకు పూర్వము పట్టము పుచ్చుకొన్న వ్యవసాయ పట్టభద్రులెవ్వరును దీనిని మన చేలలో చూచియుండలేదు. తలపై తలక్రిందుగానున్న ఆంగ్లాక్షరము ‘వై’ వంటి గుర్తు, తోకకడ చతురస్రముగా నాలుగు చుక్కలు, ఆకుసుడిలో రంపపుపొట్టు వంటి రెట్ట, ఇవి దాని ఆనవాళ్లు. పురుగు సుడిలో దాగియుండును గనుక మందు సుడిలో పడవలయును; ఆకులపై చల్లిన మందు చాలవరకు వ్యర్థము. ఈ నాలుగు మాటలు తెలిసిన అధికారి యొకడు ఊరిలో నుండుటకును, లేకుండుటకును గల భేదము మందుల ఖాతాలో తెలియును.

మఱియొక నిదర్శనము చూడుడు. పశ్చిమగోదావరి జిల్లా మారుటేరు వరి పరిశోధనాస్థానమునుండి 1982లో స్వర్ణ రకము వెలువడెను. ఒడిషా ప్రాంతపు నీటిముంపు నోర్చు పాతరకమునందలి గుణమును ఫిలిప్పైన్సునందలి అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థవారు స్వర్ణలోనికి చేర్చిరి. అట్లు పుట్టిన స్వర్ణ–సబ్ 1 రకము 2009లో మన దేశమున విడుదలయ్యెను. ఇది రమారమి రెండు వారములు మునిగియుండియు, నీరు తీసిన పిదప మరల చిగిర్చును. ఏలయన మునిగినప్పుడు ఇది పైకి సాగుటకై తన శక్తిని వ్యయపరుపక నిలువచేసికొనును. అయితే ఈ గుణము పైరు ఎదుగు దశయందు పనిచేయునుగాని, వెన్ను వేసి గింజ పాలుపోసికొను వేళ ముంపు వచ్చిన రక్షింపజాలదు. 2024 సెప్టెంబరు తొలిదినములలో బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద పారినప్పటి వంటి స్థితిలో రైతునకు ఈ భేదము తెలియవలయును. మన పొరుగున పుట్టిన విత్తనము సముద్రము దాటి క్రొత్త గుణముతో తిరిగివచ్చినది; దాని మంచిచెడ్డలు రైతునకు చేరుట మాత్రము చదువుట మానని బోధకునివలననే జరుగును.

ఈ బోధకులెవరు?

1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వెలయుటకు ముందు మన యువకులు ఈ విద్యకై కోయంబత్తూరు పోవుచుండిరి. పరిశోధన, బోధన, విస్తరణ యను మూడు పనులను ఒక్క కప్పు క్రింద నుంచు నుద్దేశ్యముతో 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. ఈ పద్ధతి అమెరికాదేశపు విశ్వవిద్యాలయములనుండి గ్రహింపబడినది. ఆ తొలిదినములలో కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు మన విశ్వవిద్యాలయమునకు సహాయపడిరి. మన అధ్యాపకులు పలువురు అచటికి పోయి శిక్షణ పొందివచ్చిరి. బోధకులకు బోధ చెప్పించుట మన విశ్వవిద్యాలయపు పునాదియందే యున్నదన్నమాట. 1996లో దీనికి ఆచార్య ఎన్.జి. రంగాగారి పేరు పెట్టిరి. ఆయన 1930ల దశకమున నిడుబ్రోలునందు రైతాంగ విద్యాలయమును నెలకొల్పి, రైతు కార్యకర్తలకు శిక్షణ యిప్పించినవారు. 2014 రాష్ట్ర విభజన పిమ్మట విశ్వవిద్యాలయపు ప్రధాన కార్యస్థానము గుంటూరు చెంత లాం గ్రామమునకు మారెను.

ఈ విశ్వవిద్యాలయము క్రిందనే ఘంటసాల, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రములు పనిచేయుచున్నవి. మొదటి కృషి విజ్ఞాన కేంద్రము 1974లో పుదుచ్చేరియందు వెలసినది. నేడు దేశమున ఏడువందలకు పైగా కలవు. ఒక్కొక్క కేంద్రమునకు అధిపతి యొకరు, వేర్వేరు విషయములందు నిపుణులు ఆరుగురు, ఇతర సిబ్బందితో కలిసి పదునారు ఉద్యోగములు నిర్ణయింపబడినవి. వ్యవసాయశాఖ ఉద్యోగులకును, గ్రామసహాయకులకును పాఠము చెప్పువారు వీరే. కావున వీరి విద్య పాతబడిన, క్రిందివారందరి విద్యయు పాతబడును.

వారు చదువుకొను తావులు

ఇట్టి పెద్దలకు శిక్షణనిచ్చు ప్రసిద్ధ సంస్థలు మూడు హైదరాబాదు రాజేంద్రనగరమున కలవు.

మొదటిది 1962లో నెలకొల్పబడిన విస్తరణ విద్యాసంస్థ. దక్షిణ రాష్ట్రముల మధ్యశ్రేణి అధికారులకు ఇచట బోధనాపద్ధతులు నేర్పుదురు. విషయము తెలిసినంత మాత్రమున చెప్పుట రాదు. రైతు వినునట్లు చెప్పుట వేరొక విద్య.

రెండవది 1976నాటి జాతీయ వ్యవసాయ పరిశోధనా నిర్వహణ అకాడమి. క్రొత్తగా చేరిన శాస్త్రజ్ఞులకును, ముందు సంస్థల నేలబోవు పెద్దలకును ఇచట శిక్షణ నడచును. మంచి శాస్త్రజ్ఞుడు మంచి అధిపతి కావలెనన్న లెక్కలు వ్రాయుట, మనుష్యులను కలుపుకొనిపోవుట, ధనమునకై పథకము కూర్చుట నేర్వవలయును.

మూడవది 1987లో ఆరంభమైన జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ. దీనిని ‘మేనేజ్’ అని వాడుక. వీరు విస్తరణ నిర్వహణయందు ఒక సంవత్సరపు పట్టమును దూరవిద్యగా నడుపుచున్నారు. ఉద్యోగి తన కొలువు విడువకయే దీనిని చదువవచ్చును. ఎరువుల, పురుగుమందుల దుకాణదారులకు సయితము 2003నుండి వీరు ఒక సంవత్సరపు డిప్లొమా చదువును నడపించుచున్నారు. రైతు తెగులు వచ్చినప్పుడు మొదట పోవునది దుకాణమునకే గదా. ఆ దుకాణదారునికి చదువు చెప్పుట దూరదృష్టి గల పని.

ధనము వచ్చు త్రోవలు

కృషి విజ్ఞాన కేంద్రముల ఖర్చును భారత వ్యవసాయ పరిశోధనా మండలి భరించును. జిల్లాలందలి విస్తరణ కార్యక్రమములకు ‘ఆత్మ’ పథకము ఆధారము. ఇది 1998లో ఏడు రాష్ట్రములందు పరీక్షగా మొదలయినది. అందు ఆంధ్రప్రదేశము ఒకటి. 2005–06నుండి దేశమంతట విస్తరించెను. ఇందు కేంద్రము నూటికి 60, రాష్ట్రము 40 వంతున భరించును. అధికారుల శిక్షణ, రైతుల విజ్ఞానయాత్రలు, క్షేత్రప్రదర్శనలు, పొలముబడులు దీనియందు ఇమిడియున్నవి.

2007లో వచ్చిన రాష్ట్రీయ కృషి వికాస యోజనయందు విశ్వవిద్యాలయములు తమ పథకములను వ్రాసి, రాష్ట్రస్థాయి మంజూరీ సంఘము నొప్పించి ధనము పొందవచ్చును. 1982లో స్థాపితమైన నాబార్డు సయితము క్రొత్త పద్ధతులను రైతులకు చేర్చు పథకములకు విరాళములిచ్చుచున్నది. విదేశములందు చదువ నెంచు శాస్త్రజ్ఞులకు ఫుల్‌బ్రైట్–నెహ్రూ వేతనము వంటివి కలవు.

ఇందు రెండు జాతులున్నవని గమనింపుడు. కొన్ని ఏటేట వచ్చునవి. కొన్ని గడువు పెట్టి ఇచ్చునవి. ప్రపంచబ్యాంకు ఋణముతో నడచిన జాతీయ వ్యవసాయ సాంకేతిక పథకము 1998లో మొదలై 2005లో ముగిసెను. దాని తరువాతిది 2006నుండి 2014 వరకు నడచెను. గడువు తీరగానే అట్టి ధనము ఆగును. కాని మొదటి పథకముతో పుట్టిన ‘ఆత్మ’ మాత్రము ప్రభుత్వముల ఏటి పద్దులలో చేరినందున నిలిచినది. తాత్కాలికపు ధనముతో మొదలిడిన మంచిపనిని స్థిరమైన పద్దులోనికి చేర్చుకొనుటయే తెలివి.

అమెరికాదేశమున 1914నాటి స్మిత్–లీవర్ చట్టముననుసరించి కేంద్రమిచ్చు ధనమునకు జతగా రాష్ట్రములు తమ వంతు వేయవలెను. జిల్లాలవంటి స్థానిక ప్రాంతములును కొంత ఇచ్చుచుండును. వంతు వేసినవాడు లెక్క యడుగును. మన ‘ఆత్మ’ నియమములందును రైతులకై జరుపు కార్యక్రమములకు లబ్ధి పొందువారు కొద్దిపాటి వంతు వేయవలెనని యున్నది. దీనిని భారముగా గాక హక్కుగా చూడవలయును.

చిక్కు లెచట?

శిక్షణకు పంపిన అధికారి స్థానమున మఱియొకడు లేకున్న పైరు మధ్య సలహా ఆగును. ఆ భయముచే పై అధికారులు పంపుటకు వెనుదీయుదురు. శిక్షణ పొంది వచ్చినవాడు బదిలీయై పోయిన, ఆ విద్య ఈ జిల్లాకు దక్కదు. సంస్థలు తమకు తోచిన పాఠములు పెట్టుటయు, పోయిన అధికారి తన ప్రాంతమునకు పనికిరాని పాఠము విని వచ్చుటయు గలదు. మొదటి రెండు చిక్కులును ప్రభుత్వము తీర్పవలసినవి. మూడవది చాలవరకు మన చేతిలోనిదే. ఏలయన మనకేమి కావలయునో మనము వ్రాసి తెలుపుటలేదు.

సభ్యులు చేయదగినవి

మొదటిది: ప్రతి సంఘమున జవాబు దొరకని ప్రశ్నల పుస్తకమొకటి ఉంచవలయును. ఏ రైతు, ఏ తేదీని, ఏ పైరు గూర్చి, ఏమి యడిగెను, జవాబు వచ్చెనా లేదా యని కార్యదర్శి వ్రాయవలయును. ఒక సార్వా, ఒక దాళ్వా గడచునప్పటికి మన ప్రాంతపు అధికారులకు ఏ విషయమున శిక్షణ వలయునో ఆ పుస్తకమే చెప్పును.

రెండవది: కృషి విజ్ఞాన కేంద్రములకు శాస్త్రీయ సలహాసంఘములు కలవు; అందు రైతులకు చోటు కలదు. ‘ఆత్మ’యందును రైతు సలహాసంఘములు ఏర్పడియున్నవి. పై పుస్తకమునందలి సారమును పాలకవర్గపు తీర్మానముగా వ్రాసి ఈ సంఘములకు పంపవలయును. రైతుల అవసరము వ్రాతలో నున్న పథకమునకు ధనము తేలికగా మంజూరగును; శాస్త్రజ్ఞునకు మనము చేయగల గొప్ప సాయము ఇది.

మూడవది: శిక్షణ పొంది వచ్చిన అధికారిని నెల దాటకుండ సంఘమునకు పిలిచి, తాను నేర్చిన దానిని చెప్పుమని మర్యాదగా కోరవలయును. చెప్పవలసియున్నదని తెలిసినవాడు శ్రద్ధతో వినును.

నాలుగవది: వ్యవసాయ పట్టపు తుదియేట విద్యార్థులు గ్రామములలో నివసించి రైతులతో పనిచేయుదురు. వారికి వసతి చూపి, పొలము చూపి, మన కష్టనష్టములను చెప్పవలయును. రేపటి విశ్వవిద్యాలయపు పెద్దలు వారిలోనివారే.

ఐదవది: ప్రదర్శనకై అరయెకరము భూమి నిచ్చుటకు సభ్యులు ముందుకు రావలయును. పుస్తకమున చదివినది మన నల్లరేగడిలో, సముద్రతీరపు చవుడు నేలలో నిలుచునో లేదో అచటనే తేలును.

కాలువలో పూడిక తీయనియేట శివారు భూములకు నీరు చేరదని డెల్టా రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. విద్య పారు కాలువయు నట్టిదే. పైన ఎంత నీరున్నను నడుమ పూడిన మనదాక రాదు. పూడిక ఎచట నున్నదో చెప్పవలసినవాడు శివారు రైతే. కావున వచ్చు మహాజనసభనాటికి ప్రశ్నల పుస్తకము తెరచి, మొదటి పుట నింపి తీసికొనిరావలసినదిగా సభ్యులను కోరుచున్నాము.