విల్లు, రైఫిలు: వేటలో ఎక్కువ నేర్పు దేనికి?

జింకను బాణముతో కొట్టుట కష్టమా, రైఫిలుతో కొట్టుట కష్టమా అని అడిగినచో, బాణముతోనే కష్టమని చాలమంది వెంటనే చెప్పుదురు. ఎందువలన అని మరల ప్రశ్నించినచో సమాధానము అంత సులభముగా రాదు. రైఫిలు పట్టిన ప్రతివాడును గురి తప్పక కొట్టుటలేదు. విల్లు పట్టిన ప్రతివాడును గురి తప్పుటయు లేదు. ఈ రెండు ఆయుధములు మనిషినుండి కోరు నేర్పు ఒకే విధమైనది కాదు. ఆ భేదమును ఉన్నత పాఠశాలలో నేర్పు యాంత్రిక శాస్త్రమే చక్కగా తెలుపగలదు.

తెలుగు దేశమునకు ఈ రెండును పరిచితములే. కృష్ణానదికి ఇరువైపుల నల్లమల అడవులలో నివసించు చెంచులు తరతరములుగా వెదురు విల్లును, ఇనుప ములికి గల బాణమును వాడినారు. మచ్చ బొల్లారమును ఆనుకొనియున్న బొల్లారము, సికిందరాబాదు దండు ప్రాంతములలో బ్రిటిషువారి కాలమున 0.303 అంగుళముల లీ-ఎన్‌ఫీల్డు రైఫిలు సైనికుల చేతి ఆయుధము. ఈ రెండింటిని పక్కపక్కన నిలిపి చూతము.

శక్తి ఎక్కడినుండి వచ్చును?

విల్లులోని శక్తి అంతయు విలుకాని కండరములనుండి వచ్చినదే. 18 కిలోగ్రాముల బరువును ఎత్తుటకు చాలినంత బలముతో నారిని అర మీటరు వెనుకకు లాగినాడనుకొందము. బలము సున్నతో మొదలై క్రమముగా పెరుగును గనుక సగటున అందులో సగము మాత్రమే పనిచేయును. ఆ లెక్కను విల్లులో సుమారు 44 జౌల్‌ల స్థితిజశక్తి నిలువయగును. అందులో కొంత వింటిబద్దల కదలికకే ఖర్చయి, సుమారు 30 జౌల్‌లు బాణమునకు చేరును. 25 గ్రాముల బాణము ఆ శక్తితో సెకనుకు 49 మీటర్ల వేగమున పోవును.

రైఫిలులో శక్తి మందునుండి వచ్చును. 11.3 గ్రాముల గుండు సెకనుకు సుమారు 744 మీటర్ల వేగముతో గొట్టమును విడుచును. దాని గతిజశక్తి 3,100 జౌల్‌లకు పైమాట. అనగా బాణముకంటె నూరురెట్లు. కాని ద్రవ్యవేగమును లెక్కించినచో గుండుది బాణముకంటె ఏడురెట్లు మాత్రమే. శక్తి వేగముయొక్క వర్గమును అనుసరించును. ద్రవ్యవేగము వేగమును మాత్రమే అనుసరించును. ఈ రెండు రాశులను వేరుపరచి చూపుటకు ఉపాధ్యాయులకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు.

దారిలో నిలకడ

బాణమునకు తోకయందలి ఈకలే చుక్కాని. ముందు బరువైన ములికియు, వెనుక గాలిని పట్టు ఈకలును ఉండుటచే బాణము పక్కకు తిరిగినను గాలి దానిని మరల సరిచేయును. గుండునకు ఈకలు లేవు. గొట్టము లోపల మెలికలుగా చెక్కిన గాడులు దానిని బొంగరమువలె తిప్పును. లీ-ఎన్‌ఫీల్డు గొట్టములో 25.4 సెంటీమీటర్లకు ఒక చుట్టు కలదు. కావున గుండు బయటికి వచ్చునప్పుడు సెకనుకు సుమారు 2,900 సార్లు తిరుగుచుండును. తిరుగుచున్న బొంగరము పడిపోనట్లే గుండును మొన ముందుకే పెట్టుకొని సాగును.

విలుకాని అసలు చిక్కు

జింక 30 మీటర్ల దూరమున ఉన్నదనుకొందము. బాణము అక్కడికి చేరుటకు సుమారు 0.61 సెకను పట్టును. ఆ కాలములో గురుత్వాకర్షణము దానిని 1.8 మీటర్లకు పైగా, అనగా నిలువెత్తు మనిషి ఎత్తున, కిందికి లాగును. కనుక విలుకాడు ఆ మేరకు బాణమును పైకెత్తి విడువవలెను. అంత దూరమునకే గుండు పడునది 8 మిల్లీమీటర్లు మాత్రమే.

ఇక దూరమును అంచనా వేయుటలో పొరపాటు జరిగినచో ఏమగును? జింక నిజముగా 33 మీటర్లలో ఉండగా విలుకాడు 30 అనుకొన్నాడు. బాణము గురికి 20 సెంటీమీటర్లు దిగువగా పోవును. జింక గుండె, ఊపిరితిత్తులున్న చోటు జానెడు వెడల్పు మాత్రమే. మూడు మీటర్ల పొరపాటుతో వేట చెడినది. రైఫిలువానికి అదే పొరపాటు వలన కలుగు తేడా ఒక మిల్లీమీటరు కూడ కాదు.

మరియొక చిక్కు ధ్వని. నారి మ్రోత 30 మీటర్లను 0.09 సెకనులో దాటును. బాణముకంటె అర సెకను ముందుగా అది జింక చెవిని చేరును. బెదరిన జింక కదలుటకు ఆ వ్యవధి చాలును. గుండు ధ్వనికంటె రెండురెట్లకు మించిన వేగముతో వచ్చును గనుక జింక శబ్దమును వినకముందే తగులును. ఈ కారణములచే విలుకాని నేర్పులో అధికభాగము నారిని లాగకముందే కనబడవలెను: గాలి వాలును గమనించుట, ఎండుటాకు చప్పుడు కాకుండ నడచుట, మృగము తల వంచి మేయువరకు ఓపిక పట్టుట. బాణము తగిలినను మృగము సాధారణముగా వెంటనే పడదు; అడుగుజాడలను, నెత్తుటి చుక్కలను వెదకుచు పోవలెను. చెంచులకు వేటకుక్కలు తోడుగా ఉండుట ఇందుకు సాయము.

రైఫిలుకు నేర్పు అక్కరలేదా?

అక్కరలేదనుట తప్పు. చేతి వణుకు తుపాకి మొనను డిగ్రీలో పదవవంతు కదల్చినదనుకొందము. 30 మీటర్లలో తేడా 5 సెంటీమీటర్లు. 200 మీటర్లలో 35 సెంటీమీటర్లు. దూరమునుండి కొట్టగల సౌకర్యమే చిన్న లోపమును పెద్దదిగా చేయుచున్నది. ఊపిరిని నిలుపుట, ట్రిగ్గరును కుదుపులేక నొక్కుట, రాబోవు తన్నుకు జంకకుండుట రైఫిలువాని విద్య. నాలుగు కిలోగ్రాముల తుపాకి సెకనుకు రెండు మీటర్లకు పైబడిన వేగముతో భుజమును తన్నును. ఆ భయముతోనే కొత్తవాడు గురి చెడగొట్టుకొనును.

కావున విలుకాని పరీక్ష మృగమును సమీపించుటలోను, దూరమును ఎరుగుటలోను ఉన్నది. రైఫిలువాని పరీక్ష గుండు విడుచు క్షణములో ఉన్నది. అయితే మొత్తముమీద వేటలో విల్లే కష్టతరము. ఆ కష్టము మృగములకు ఒక రక్షణ. చెంచులకు దుంపలు, పండ్లు, తేనె ముఖ్యాహారములైనవి. వేట ఎప్పుడో కలిసివచ్చిన లాభము. దూరపు గుండు వచ్చిన తరువాత ఆ రక్షణ తొలగినది. అడవుల నరికివేత, జంతువులను పట్టి పెంచుట మొదలగు కారణములతో తుపాకియు కలిసి చీతాను మన దేశమునుండి మాయము చేసినది. 1952లో అది అంతరించినదని ప్రకటింపబడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వన్యమృగముల వేటను నిషేధించినది. ఆయుధము ఏదైనను ఆ నేరము నేరమే.

నేర్పు మాత్రము నశింపలేదు. అది గురిపలకల ముందు నిలిచినది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో కాంపౌండు విలువిద్యయందు మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆ పోటీలో 50 మీటర్ల దూరమున పది మార్కుల వలయము వ్యాసము 8 సెంటీమీటర్లు. హైదరాబాదువాడైన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యము పొందిన 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు.

విద్యార్థులకొక ప్రయోగము

ఇందుకు విల్లు అక్కరలేదు, కొలత టేపు చాలును. పాఠశాల మైదానములో ఒక కర్రను పాతుడు. ఒక్కొక్కరు దాని దూరమును కంటితో అంచనా వేసి వ్రాసికొని, పిమ్మట టేపుతో కొలువుడు. నిజదూరమును, అంచనాలోని పొరపాటును మీటర్లలో గుణించి, ఆ లబ్ధమును 0.002తో గుణించినచో, పైన చెప్పిన బాణము ఎన్ని మీటర్లు గురి తప్పునో తెలియును. 33 × 3 × 0.002 అనగా సుమారు 0.2 మీటరు. ఈ 0.002 అను సంఖ్య ఎట్లు వచ్చినదో గురుత్వత్వరణమును రెట్టింపు వేగవర్గముచే భాగించి తరగతిలో సాధింపవచ్చును. ఇరువది మందిలో ఎందరి బాణము జానెడు గురిలో పడునో లెక్కించినచో, విలుకాని కంటికి ఎంత శిక్షణ కావలెనో ఎవరికి వారికే బోధపడును.