ప్రకటనల ఆఫీసులో అర్థవంతమైన పని ఉంటుందా?



"పెద్దయ్యాక ఏమవుతారు?" అని తరగతిలో అడిగితే డాక్టరు, ఇంజినీరు, కలెక్టరు అనే జవాబులు టకటకా వస్తాయి. బొమ్మలు బాగా వేసే అబ్బాయి, చమత్కారంగా మాటలు అల్లే అమ్మాయి మాత్రం కాసేపు తటపటాయిస్తారు. విడిగా అడిగితే "యాడ్ ఏజెన్సీలో చేరాలని ఉంది సార్, కానీ ఇంట్లో ఒప్పుకోరు" అంటారు. ఎందుకు ఒప్పుకోరు? ప్రకటనలంటే అక్కర్లేని వస్తువుల్ని అంటగట్టడమనీ, డబ్బు తీసుకుని గొప్పలు చెప్పడమనీ పెద్దల అనుమానం. ఆ అనుమానాన్ని కొట్టిపారేయకూడదు. అలాగని దానికి జడిసి ఇష్టమైన దారి వదులుకోనూ కూడదు. ఆ పని ఏమిటో ముందు తెలుసుకుందాం.

ఏజెన్సీలో ఏం చేస్తారు?

వస్తువు తయారుచేసే సంస్థనో, ప్రజలకు ఏదైనా చెప్పాలనుకునే ప్రభుత్వ శాఖనో ఏజెన్సీలో 'క్లయింట్' అంటారు. క్లయింట్‌తో మాట్లాడి, వాళ్లకేం కావాలో తెలుసుకునేది క్లయింట్ సర్వీసింగ్ విభాగం. ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి, వాళ్లు ఇప్పుడు ఏమనుకుంటున్నారు అన్న విషయాలను ఒకటి రెండు పేజీల్లో రాసుకుంటారు. దాన్ని 'బ్రీఫ్' అంటారు. అది చేతికొచ్చాక మాటలు రాసే కాపీరైటరూ, బొమ్మ సంగతి చూసే ఆర్ట్ డైరెక్టరూ జంటగా కూర్చుంటారు. తయారైన ప్రకటన ఏ పత్రికలో, ఏ టీవీ కార్యక్రమంలో, ఏ ఫోను తెర మీద రావాలో మీడియా విభాగం నిర్ణయిస్తుంది.

ఇందులో కష్టం లేకపోలేదు. పది ఆలోచనలు చెబితే తొమ్మిది చెత్తబుట్టకు పోతాయి. రేపు ఉదయానికి ఇవ్వాల్సిన పని రాత్రికి మారిపోతుంది. పేరు మాత్రం ఎక్కడా అచ్చు కాదు. మరి ఇంత చేసి సబ్బు అమ్మడమేనా? ఈ ప్రశ్నకు జవాబు కోసం మేముంటున్న షాలిమార్‌కు దగ్గరలో జరిగిన ఒక సంగతి చెబుతాను.

హౌరా జిల్లాలో చివరి కేసు

షాలిమార్ హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, కోల్‌కతాకు ఎదురుగా, హౌరాలో ఉంది. హైదరాబాదు వెళ్లే ఈస్ట్ కోస్ట్, చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడినుంచే బయలుదేరతాయి కాబట్టి మీలో చాలామందికి ఈ స్టేషన్ తెలిసే ఉంటుంది. భారతదేశంలో సహజ పోలియో వైరస్ సోకిన చివరి కేసు ఈ హౌరా జిల్లాలోనే, 2011 జనవరి 13న, ఒక చిన్నారిలో బయటపడింది. ఆ తరవాత మరొకటి రాలేదు. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

ఈ విజయం మొదట ఇల్లిల్లూ తిరిగి, చుక్కలు వేసి, చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టిన ఆరోగ్య కార్యకర్తలది. కానీ తలుపు తట్టగానే తల్లి బిడ్డను తెచ్చి చూపించాలంటే ఆమెకు నమ్మకం ఉండాలి. వదంతులూ భయాలూ చాలా ఉండేవి. ఆ నమ్మకం పెంచే పనిలో ఒక ప్రకటనల ఏజెన్సీ పాలుపంచుకుంది. 'రెండు చుక్కలు, నిండు జీవితం' అన్న భావం వచ్చే హిందీ నినాదంతో ఓగిల్వీ సంస్థ, పీయూష్ పాండే నాయకత్వంలో ప్రచారం నడిపింది. అమితాబ్ బచ్చన్ చేత మొదట మెత్తగా చెప్పించారు. తరవాత, పిల్లల్ని తీసుకురానందుకు ఇంటి పెద్దలా కోప్పడేలా చెప్పించారు. ఆయన కోప్పడ్డాకే తల్లులు ఎక్కువగా కదిలి వచ్చారని ఆ బృందం తరవాత చెప్పుకుంది. మన ఇళ్లలోనూ అంతే కదా. తాతయ్య బతిమాలితే నవ్వేసి ఊరుకుంటాం, గొంతు పెంచితే లేచి వెళ్తాం. ఎదుటి మనిషి ఏ మాటకు కదులుతాడో తెలుసుకోవడమే ఈ వృత్తికి ఆయువుపట్టు. సబ్బు అమ్మినా అదే నేర్పు, పోలియో చుక్కలు వేయించినా అదే నేర్పు. ఆ నేర్పును దేనికి వాడుతున్నామన్న దాన్నిబట్టే పనికి అర్థం.

టీ రుచి చూసిన ఉద్యోగి

పీయూష్ పాండే పుట్టింది జైపూర్‌లో. రాజస్థాన్ తరఫున రంజీ క్రికెట్ ఆడారు. కోల్‌కతాలో టీ కంపెనీలో తేయాకు రుచి చూసే ఉద్యోగం చేశారు. 1982లో ఓగిల్వీలో చేరారు. అప్పట్లో ప్రకటనల ఆఫీసుల్లో ఆలోచన ఇంగ్లీషులో సాగేది. భారతీయ భాషలకు అనువాదమే దక్కేది. ఆయన వీధిలో, ఇంట్లో వినే హిందీలోనే ఆలోచించి రాశారు. 1988లో దూరదర్శన్‌లో వచ్చిన 'మిలే సుర్ మేరా తుమ్హారా' పాటకు హిందీ మాటలు ఆయనవే. తెలుగుతో సహా ఎన్నో భాషలు వినిపించే ఆ పాటలో అమ్మకానికి పెట్టిన వస్తువేదీ లేదు. దాన్ని రూపొందించడంలో మాత్రం ఏజెన్సీ మనుషులున్నారు.

కీమర్ ఆఫీసులో సత్యజిత్ రాయ్

కోల్‌కతాకే చెందిన మరో ఉదాహరణ సత్యజిత్ రాయ్. ఆయన 1943లో డి.జె. కీమర్ అనే బ్రిటిష్ ప్రకటనల ఏజెన్సీలో జూనియర్ విజువలైజర్‌గా చేరారు. జీతం నెలకు 80 రూపాయలు. అక్కడ బ్రిటిష్ ఉద్యోగులకు ఎక్కువ జీతం, భారతీయులకు తక్కువ. అది ఆయనకు నచ్చలేదు. అయినా చేతిలో ఉన్న పనిని చిన్నచూపు చూడలేదు. శాంతినికేతన్‌లో నేర్చుకున్న గీతనూ, ముగ్గులలోని మెలికలనూ, బెంగాలీ అక్షరాల ఒంపుసొంపులనూ ప్రకటనల్లోకి తెచ్చారు. అదే కాలంలో సిగ్నెట్ ప్రెస్ పుస్తకాలకు అట్టలు వేశారు. 'పథేర్ పాంచాలి' నవలకు పిల్లల కోసం వేసిన సంక్షిప్త ప్రతికి బొమ్మలు గీస్తున్నప్పుడే ఆ కథ ఆయన మనసులో నాటుకుంది. 1950లో ఆఫీసు పని మీద లండన్ వెళ్లి, అక్కడ విస్తారంగా సినిమాలు చూశారు. తిరిగి వచ్చాక, ఉద్యోగం చేస్తూనే, సెలవు రోజుల్లో చిత్రీకరణ సాగించి 1955లో 'పథేర్ పాంచాలి' విడుదల చేశారు.

ఆయన చివరికి ఏజెన్సీ వదిలి వెళ్లారు. కానీ కొద్ది గీతల్లో విషయం చెప్పడం, ఒక చిన్న బొమ్మలో కథ ఇమడ్చడం అనే అలవాట్లను వెంట తీసుకెళ్లారు. ఆయన రూపొందించిన ఇంగ్లీషు అక్షర రూపాలకు 'రాయ్ రోమన్' వంటి పేర్లున్నాయి. మన బాపు చేతిరాత తెలుగు ఫాంటుగా మారి పెళ్లి శుభలేఖల మీద కనబడుతున్నట్టే, అక్షరాన్ని ప్రేమించినవారి పని వారి తరవాత కూడా బతుకుతుంది.

అమృతాంజనం డబ్బు ఎక్కడికి వెళ్లింది?

అమ్మకం, ఆదర్శం ఒకే మనిషిలో ఇమడగలవా అంటే మనకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారున్నారు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, ఆయనా ఊళ్లు తిరిగినవారే. కొంతకాలం కలకత్తాలో మందుల వ్యాపారంలో ఉండి, తరవాత బొంబాయి చేరారు. 1893లో అక్కడ అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీలకు వచ్చినవారికి దాన్ని ఉచితంగా పంచి అలవాటు చేశారు. వస్తువు మీద నమ్మకం ఉన్నవాడే అలా పంచగలడు. వచ్చిన లాభంతో 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి స్థాపించారు. తలనొప్పి మందు అమ్మిన డబ్బు తెలుగు అక్షరానికి అన్నం పెట్టింది.

గీత ఎక్కడ గీయాలి?

పెద్దల అనుమానంలో నిజం కూడా ఉంది. అబద్ధపు ప్రకటనలున్నాయి. అందుకే నియమాలూ ఉన్నాయి. ప్రకటనల రంగంవారే 1985లో భారత ప్రకటనల ప్రమాణాల మండలిని ఏర్పాటు చేసుకున్నారు. 2003 నాటి చట్టం పొగాకు ప్రకటనలను నిషేధించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. చట్టం కంటే ముందుండాల్సింది మన మనసు. "ఈ మాట మా అమ్మతో చెప్పగలనా? ఈ వస్తువు మా చెల్లెలికి కొనిస్తానా?" అని రాసేవారు తమను తాము అడగాలి. కాదని జవాబు వస్తే ఆ కాగితం పక్కన పెట్టే ధైర్యం ఉండాలి. ఉద్యోగంలో చేరేముందు ఆ ఏజెన్సీ ఏ వస్తువులకు పనిచేస్తోందో చూసుకోవాలి. నిజం నిలకడ మీద తెలుస్తుందని మన సామెత. అబద్ధంతో ఒకసారి అమ్మవచ్చు, రెండోసారి కొనేది మాత్రం నమ్మకంతోనే.

మీ చేతిలో ఉన్న సరుకు

బదిలీలతో పెరిగిన పిల్లలకు సొంత ఊరంటూ లేదని బాధ. నేనూ ఒక బదిలీ తరవాత మరొకటి చూస్తున్నవాణ్ణే, ఆ బాధ తెలుసు. కానీ ఈ వృత్తిలో అది పెట్టుబడి. ఒక్క మాట చూడండి. హిందీలో 'ఠండా' అంటే చల్లని పానీయమని కూడా అర్థం. బెంగాలీలో 'ఠాండా లేగెఛే' అంటే జలుబు చేసిందని. తెలుగులో 'చల్ల' అంటే మజ్జిగ, 'చల్లగా ఉండు' అంటే దీవెన. హిందీ ప్రకటనను మాటకు మాట మార్చేసేవారికి ఈ తేడా పట్టదు. మూడు రాష్ట్రాల్లో మూడు బడులు చదివి, ప్రతి చోటా కొత్త స్నేహితుల మాట శ్రద్ధగా విని కలిసిపోయిన మీకు అది వెంటనే తెలుస్తుంది.

ఇష్టమున్నవారు ఇప్పటినుంచే సాధన చేయవచ్చు. మీ వీధిలోని ఒక గోడ ప్రకటన చూసి, అది ఎవరితో మాట్లాడుతోందో, ఏం దాస్తోందో రాయండి. హిందీ ప్రకటనను మీ అమ్మమ్మకు నచ్చే తెలుగులో తిరగరాయండి. బడిలో నీళ్లు వృథా కాకుండా పది మాటల్లోపు పోస్టరు చేసి కుళాయి పక్కన అంటించండి. వారం తరవాత ఎవరైనా కుళాయి కట్టేస్తున్నారేమో గమనించండి. ఆపై చదువుకు ఢిల్లీలోని భారతీయ జనసంచార సంస్థ, అహ్మదాబాద్‌లోని మైకా, హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వంటివి ఉన్నాయి.

ఇంట్లో పెద్దలు ఒప్పుకోకపోతే వాదనకు దిగకండి. మీరు చేసిన ఆ పోస్టరు చూపించండి. దాన్ని చూసి ఎవరో ఒకరు కుళాయి కట్టేశారని చెప్పండి. అంతకంటే మంచి ప్రకటన మీకు మరొకటి అక్కర్లేదు.