ఇంటిపేరు: పుట్టినదా, మెట్టినదా?

గడచిన శ్రావణమాసమున నొక శుక్రవారమునాడు బాలానగర్‌లో మా వీధివారి యింట పేరంటము జరిగినది. ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారము మొదలుగా పెక్కు యంత్రశాలలు వెలసిన కాలమునుండి ఈ ప్రాంతమునకు నానాజిల్లాలవారును వచ్చి కాపురము లుండిరి. మాదాపురమున 1998లో సైబర్ టవర్సు లేచిన పిమ్మట వచ్చువారి సంఖ్య మఱియు హెచ్చినది. కావున నిచ్చటి పేరంటములలో తాంబూల మందుకొనుటకు ముందే "మీ రేయింటివారండీ?" యని యొకరి నొకరు అడుగుట వాడుక. ఆనాడును ఒకరు వేమూరివారమనిరి, ఒకరు కందుకూరివారమనిరి, ఒకరు మిరియాలవారమనిరి. డెబ్బది యేండ్ల ముత్తైదువ యొకామె గోడకు జేరబడి కూర్చుండియుండెను. నే నామెను అడుగగా చిఱునవ్వుతో, "ఏ యింటిపేరు చెప్పమంటావమ్మాయీ? పుట్టినదా, మెట్టినదా?" అనెను.

అందఱమును నవ్వితిమి. కాని యింటికి వచ్చిన తరువాత ఆ మాట నన్ను విడువలేదు. మా అమ్మ పుట్టినింటిపేరు నాకు తెలియును. అది మా మేనమామలది. అమ్మమ్మ పుట్టినింటిపేరును తెలియును. అమ్మమ్మగారి తల్లి ఏ యింటి యాడుబిడ్డ? మా యమ్మ నడిగితిని, పెదతల్లి నడిగితిని. ఎవరికిని తెలియలేదు. మూడు తరముల కావల ఆమె పుట్టినిల్లు మాసిపోయినది. పురుషుల వంశము ఏడుతరములు చెప్పగల యిల్లే అది. అప్పటినుండి ఇంటిపేరనగా నేమి, అది మన కేమి చెప్పుచున్నది అని యోచించుచు వచ్చితిని. ఆ యోచనను సోదరీమణులతో పంచుకొనవలెనని యీ వ్యాసము.

ఇంటిపేరు వ్యాకరణముచేత చూచినచో విశేషణము. బాలవ్యాకరణము చదివినవారికి ఔపవిభక్తికము లనబడు ఇ, టి, తి వర్ణములు జ్ఞప్తియందుండును. ఊరు అను మాట "ఊరి" యగును. పాడు "పాటి" యగును. నేయి "నేతి" యగును. ఆ సూత్రమే మన యింటిపేర్లలో నడచుచున్నది. కందుకూరునకు చెందినవారు కందుకూరివారు. వేమూరునకు చెందినవారు వేమూరివారు. మేడపాడునకు చెందినవారు మేడపాటివారు. చతుర్వేదులు, సోమయాజులు మున్నగు బహువచనములు చివర ఉకారమును విడిచి చతుర్వేదుల, సోమయాజుల యైనవి. కావుననే తెలుగున ఇంటిపేరు మనుష్యుని పేరునకు ముందు వచ్చును. "రాముని బాణము" అందుము గాని "బాణము రాముని" అనము గదా! కందుకూరి వీరేశలింగ మనగా కందుకూరివారి యింటి వీరేశలింగమని యర్థము. ముందుండవలసిన దానిని వెనుకకు త్రోసితిమేని మాట పొసగదు.

ఇతరదేశములందును భావ మిట్టిదే. ఇటలీదేశపు చిత్రకారుడు లియొనార్డో డా విన్చి పేరు విననివా రుండరు. విన్చి యనునది యొక యూరు. "డా" యనగా "నుండి" యని యర్థము. ఆ భాషలో పేరు ముందు, ఊరు వెనుక. మన భాషలో ఊరు ముందు, పేరు వెనుక. ఊరు విడిచి వచ్చినవారిని ఊరిపేర పిలుచుట మాత్రము రెండుచోట్లను సమానమే. ఇందొక వింత గలదు. తన యూర నున్నవాని నెవరును ఆ యూరిపేర పిలువరు. వేమూరునం దందఱును వేమూరివారే గదా! ఊరు దాటి మఱియొక చోటికి పోయినప్పుడే ఆ పేరు పుట్టును. కావున ఊరిపేరుగల ప్రతి యింటిపేరును ఒక ప్రయాణమునకు గుఱుతు.

ఊరిపేర్లే మనలో మెండు. అవి గాక, చేసిన యధికారమునుబట్టి వచ్చినవి కొన్ని. భండారు అనగా ధనధాన్యములుంచు చోటు. కరణ మనగా గ్రామలెక్కలు వ్రాయువాడు. ప్రగడ యనగా మంత్రి. భారతమును పూర్తిచేసిన ఎఱ్ఱన ఎఱ్ఱాప్రగడ యనిపించుకొనుట అందఱు నెఱిగినదే. తిక్కనగారి యింటిపేరైన కొట్టరువు అను మాటకును ధాన్యపు కొఠారని యర్థము. విద్యనుబట్టియు, చేసిన యాగమునుబట్టియు వచ్చినవి చతుర్వేదుల, భాగవతుల, సోమయాజుల మున్నగునవి. చెట్లపేర్లును గలవు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలలో నొకరు రావిచెట్టు రంగారావుగారు. ఇక మన వంటయింటి పేర్లకు కొదువ లేదు: మిరియాలవారు, అల్లమువారు, పప్పువారు, వంకాయలవారు, నూకలవారు. పసుపులేటివారి పేరున పసుపును గలదు, ఏరును గలదు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అను సామెత యెఱుగనివారెవరు? పేరు చూచి మోసపోరాదని పెద్దలు చెప్పిన మాట యది.

ఇంటిపేరు కేవలము పిలుపునకే గాక సాక్ష్యమునకును పనికివచ్చును. పోతనగారి స్వస్థలము ఓరుగల్లు సీమయా, కడపసీమలోని ఒంటిమిట్టయా యను వివాదము చిరకాలము పండితులలో నడచినది. నేటి జనగామ జిల్లాలో బమ్మెర యను గ్రామ ముండుటయు, కవి యింటిపేరు బమ్మెర యగుటయు ఓరుగల్లు పక్షమువారికి పెద్ద యాధారము లైనవి. ఐనను ఒక జాగ్రత్త యవసరము. ఒక యూరినుండి పలుకులములవారును, పలుగోత్రములవారును వెడలిపోయియుండవచ్చును. వారందఱును ఆ యూరిపేరునే ధరింతురు. కావున ఇంటిపేరు కలిసినంతమాత్రమున చుట్టరికము కలిసిన దనుకొనరాదు. అది ఊరి బాంధవ్యము మాత్రమే. బాలానగర్‌వంటి చోట ఇద్ద రపరిచితలు ఒకే యింటిపేరు చెప్పుకొన్నప్పుడు వారి పూర్వులు ఒకే చెఱువునీరు త్రాగియుందు రని సంతసింపవచ్చును.

ఇక స్త్రీల సంగతి. మన ప్రాచీన కవయిత్రులను మువ్వురను దలచుకొందము. రామాయణము రచించిన మొల్ల ఆతుకూరి మొల్ల; అది తండ్రి కేసనగారి యింటిపేరు. సుభద్రాకల్యాణము రచించిన తిమ్మక్క తాళ్ళపాక తిమ్మక్క. అది భర్త అన్నమాచార్యులవారి యింటిపేరు, రాజంపేట సమీపమునగల యూరిపేరు. వేంకటాచలమాహాత్మ్యము రచించిన వెంగమాంబ కానాలవారి యింట పుట్టినది. అయినను లోకము ఆమెను తరిగొండ వెంగమాంబ యనుచున్నది. తరిగొండ ఆమె పుట్టిన గ్రామము, ఆమె కొలిచిన నృసింహుని నెలవు. ఒకరికి తండ్రియిల్లు, ఒకరికి భర్తయిల్లు, ఒకరికి తన యూరు. ఈ మూటిలో నేదియు కవిత్వమునకు అడ్డు రాలేదు.

తరువాతికాలమున మెట్టినింటిపేరే రూఢమైనది. అబలాసచ్చరిత్రరత్నమాల యను గ్రంథమున స్త్రీల చరిత్రములను సమకూర్చిన భండారు అచ్చమాంబగారు (1874-1905) మన భాషలో స్త్రీలచరిత్రము వ్రాసినవారిలో అగ్రగణ్యురాలు. విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నడపిన కొమఱ్ఱాజు వెంకటలక్ష్మణరావుగారు (1877-1923) ఆమెకు సొంత తమ్ముడు. ఒక తల్లి బిడ్డలు. ఒకే యింట చదువుపై మక్కువ గొన్నవారు. ఐనను గ్రంథాలయమున ఒకరి పుస్తకము "భ"కారమునందును, మఱియొకరిది "క"కారమునందును ఉండును. తెలియనివారికి వారి తోబుట్టువుల సంబంధ మెట్లు తోచును? గృహలక్ష్మి పత్రికలో శారదలేఖలు వ్రాసిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు (1896-1978) బాపట్లలో పాలపర్తివారి యింట జన్మించిరి. ఆ సంగతి యెందఱకు తెలియును? ఇంతటి ప్రసిద్ధల పుట్టినిండ్లే మఱుగుపడినప్పుడు మన అమ్మమ్మల మాట చెప్పనేల?

ఇంటిపేరు దూరప్రయాణము చేసినప్పుడు మఱికొన్ని వింతలు జరుగును. నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లినుండి యొక కుటుంబము దక్షిణమునకు పోయి తిరుత్తణి ప్రాంతమున నిలిచినది. ఆ కుటుంబమున 1888లో జన్మించిన రాధాకృష్ణపండితుడు మన రాష్ట్రపతియైనాడు. లోకమునకు ఆయన రాధాకృష్ణన్. అదియే వంశనామ మని పాశ్చాత్యులు భావించిరి. ఆయన కుమారుడు, చరిత్రకారుడు గోపాల్‌గారు మాత్రము సర్వేపల్లిని తమ పేరునకు ముందు నిలుపుకొనిరి. 1967లో హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ళగారు 2014లో మైక్రోసాఫ్టు సంస్థ కధిపతియైనప్పుడు లోకము నాదెళ్ళ యని వారి యింటిపేరునే పిలిచినది. కడపటి గడిలో నేది పడునో దానినే లోకము వంశనామముగ గ్రహించు నన్నమాట.

ఇంతకంటె దుఃఖకరమైన ప్రయాణమును గలదు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను నోడ చెన్నపట్టణమునుండి కూలివారిని గొనిపోయి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది. అది మొదలుగా వెళ్ళిన తెలుగువారును, తమిళులును పెక్కుమంది. ఓడపట్టీలలో వారి పేరు, తండ్రిపేరు, కులము, గ్రామము వ్రాసికొనిరి. మన రీతి ఇంటిపేరునకు ఆ పట్టీలలో చోటు లేదు. నాయుడు అను గౌరవవాచకము అచ్చట "నైడూ" యను రూపమున అనేకులకు వంశనామమైనది. తండ్రిపేరో, తాతపేరో కొందఱికి శాశ్వతముగ నిలిచినది. ఒక పట్టీలో గడి లేకపోయినంతమాత్రమున తరతరముల యూరిగుఱుతు చెఱిగిపోయినది.

నేడు మన యాడపిల్లలకును గడులే గడులు. పరీక్షాపత్రములో ఇంటిపేరునకు పొడియక్షర మొక్కటి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగ. వివాహానంతరము బ్యాంకులో మఱియొక పేరు. ఈ మూడును ఒక్క మనిషివే యని నిరూపించుటకు ఆ పిల్ల కార్యాలయముల చుట్టు తిరుగవలసి వచ్చుచున్నది. పెండ్లియైన స్త్రీ ఇంటిపేరు మార్చుకొని తీరవలె నని మన దేశమున నే చట్టమును శాసింపలేదు. అది ఆచారము మాత్రమే. మార్చుకొనుటయు, మార్చుకొనకుండుటయు ఆమె యిష్టము. ఏది యెంచుకొన్నను అన్ని పత్రములందును ఒకే తీరున వ్రాయించుకొనుట మేలు.

ఇటలీలో నీ విషయమున జరిగిన మార్పు గమనింపదగినది. 1975లో సవరించిన కుటుంబచట్టము ప్రకార మచ్చటి భార్య భర్త వంశనామమును తన దానికి చేర్చుకొనును గాని తనది విడువదు. మఱి బిడ్డలకో? చిరకాలము తండ్రిపేరే తనంతట సంక్రమించుచుండెను. 2022 ఏప్రిలు నెలలో అచ్చటి రాజ్యాంగ న్యాయస్థానము ఆ పద్ధతి చెల్లదనియు, తలిదండ్రు లిరువురును ఒక్కదానికే యొడంబడిననే తప్ప బిడ్డకు ఇరువురి వంశనామములును రావలెననియు తీర్పు చెప్పినది. మనమును అట్లే చేయవలెనని నే ననుట లేదు. వారి యాచారము వారిది, మన యాచారము మనది. కాని తల్లియింటిని మఱవరాదను ధర్మము అందఱికిని ఒక్కటియే గదా!

మెట్టినింటిపేరు ధరించుటయందు నాకు చిన్నతనము లేదు. ఆ పేరుతోనే నన్ను పిలువవచ్చును. ఐనను పుట్టినింటిపేరు నశింపవలసిన యగత్యము లేదు. దానిని కాపాడుటకు చట్టము లక్కఱలేదు. ఒక చిన్న పుస్తకము చాలును. ఇంటనున్న పెద్దముత్తైదువల నడిగి, తల్లి, అమ్మమ్మ, ఆమె తల్లి, అట్లే నాయనమ్మ, ఆమె తల్లి, వీరి పేర్లును, పుట్టినింటిపేర్లును, ఊళ్ళును వ్రాసికొనుడు. పాత శుభలేఖలను పాఱవేయకుడు. రెండువైపుల యింటిపేర్లును వానిలోనే దొరకును. పెద్దలుండగనే యడుగుడు. నేను ఆలస్యము చేసి పోగొట్టుకొంటిని.

పేరంటమైన నాలుగు దినములకు ఆ పెద్దావిడ యింటికి వెళ్ళితిని. ఆమె నన్ను పెరటివైపు తీసికొనిపోయి, నీళ్ళపొయ్యి ప్రక్కనున్న ఇత్తడిబిందెను చూపెను. దాని మెడక్రింద అరిగిన యక్షరములు గలవు. సారెలో వచ్చిన బిందె యట. తండ్రి తన యింటిపేరు చెక్కించి యిచ్చినాడట. ఏబదియేండ్లుగా చింతపండుతో తోమి తోమి సగ మక్షరములు మాసిపోయినవి. "ఇదిగోనమ్మా, నా పుట్టినింటిపేరు. నీవు తప్ప ఇంతవఱ కెవరూ అడుగలేదు" అనెను. ఆమె పలుకగా ఆమె మనుమరాలు తన పుస్తకములో వ్రాసికొనినది.