చెవిలో హోరు

చెవిలో హోరు అనగా బయట ఎటువంటి శబ్దమూ లేకున్నా చెవిలో గానీ తలలో గానీ గుయ్యిమని, ఈల వేసినట్లు, లేదా కీచురాళ్ళు అరచినట్లు వినిపించడం. దీనిని ఆధునిక వైద్యంలో టిన్నిటస్ అనీ, ఆయుర్వేదంలో కర్ణనాదం అనీ అంటారు. ఇది స్వయంగా వ్యాధి కాదు, ఒక లక్షణం మాత్రమే. 2022లో ప్రచురితమైన ఒక ప్రపంచస్థాయి సమీక్ష ప్రకారం పెద్దవారిలో సుమారు 14 శాతం మంది ఏదో ఒక సమయంలో దీనిని అనుభవించినవారే.

కారణాలు

లోచెవిలోని రోమకణాలు ధ్వని తరంగాలను నాడీ సంకేతాలుగా మారుస్తాయి. పెద్ద శబ్దం వలన ఇవి దెబ్బతింటే మనుషులలో తిరిగి పెరగవు. తగ్గిన సంకేతాలను భర్తీ చేయుటకు మెదడు తన స్పందనను పెంచుకొనుట వలన హోరు పుడుతుందని భావిస్తున్నారు. వయసు, గుబిలి, చెవిపోటు, జెంటామైసిన్ వంటి కొన్ని మందులు కూడా ఇందుకు కారణం కావచ్చును.

బయటి ఆటలు, శబ్దం

85 డెసిబెల్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదు. ప్రతి 3 డెసిబెల్ల పెరుగుదలకు ఈ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్లకు 15 నిమిషాలే.

కర్నూలు, కడప, నంద్యాల జిల్లాలలో ఉగాదికి, తిరునాళ్ళకు జరిగే ఎద్దుల బండలాగుడు పోటీలలో మైకులు, డప్పులు, ఈలల మధ్య జనం గంటల తరబడి నిలబడతారు. కర్నూలు నుండి కడపకు వెళ్ళే 40వ జాతీయ రహదారి వంటి దారులపై వేగంగా మోటారుసైకిలు నడిపేవారికి గాలి హోరే ప్రమాదకరం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపల కూడా ఇది 90 డెసిబెల్లు దాటగలదు. వేసవిలో బావి ఈతకు గట్టు మీద నుండి దూకినప్పుడు నీరు చెవికి బలంగా తగిలితే కర్ణభేరి చిరగవచ్చును.

రక్షణ

* ఆరుబయట లౌడుస్పీకరుకు రెట్టింపు దూరం జరిగితే శబ్దం సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. ఖర్చులేని ఉపాయం ఇదే.
* దూది సరిపోదు. నురుగు బిరడాను సన్నగా నలిపి, చెవిని పైకి, వెనుకకు లాగి లోపల పెట్టి, అది ఉబ్బేవరకు వేలితో పట్టుకొనవలెను.
* పోటీ చూచి వచ్చిన తరువాత చెవులు గుయ్యిమంటే అది హెచ్చరిక. మరునాడు చెవులకు విశ్రాంతి ఇవ్వవలెను.
* 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడుస్పీకర్లు నిషిద్ధం. కొన్ని పండుగ దినాలలో మాత్రం ప్రభుత్వం అర్ధరాత్రి వరకు అనుమతించవచ్చును.

హోరుతో జీవనం

దీర్ఘకాలిక హోరును పూర్తిగా పోగొట్టే మందు లేదు. అయితే చాలామందికి కాలక్రమేణా మెదడు దానిని పట్టించుకొనుట మానివేస్తుంది. భయంతో ఎల్లవేళలా చెవులు మూసుకొనుట మేలు కంటే కీడు చేస్తుంది. నిశ్శబ్దంలో హోరు మరింత స్పష్టమవుతుంది, మామూలు శబ్దాలు కూడా భరించలేనివిగా తోస్తాయి. కావున బిరడాలు పెద్ద శబ్దం ఉన్నచోటనే వాడవలెను. ఆరుబయట పడుకునే రాత్రులలో ఫ్యాను లేదా చిన్నగా రేడియో పెట్టుకొనవచ్చును. ఆటలు మానవలసిన పని లేదు. గండికోటలో పెన్నా లోయ వెంబడి నడక వంటివి చెవికి హాని చేయవు, మనసును మళ్ళిస్తాయి. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రం, ఆందోళన ఎక్కువైనవారికి ఆలోచనా ధోరణిని మార్చే మానసిక చికిత్స ఉపకరిస్తాయి.

వైద్యుని చూడవలసిన సందర్భాలు

హోరు ఒక చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్లు వినిపించినా, తల తిరుగుతున్నా పరీక్ష అవసరం. వినికిడి హఠాత్తుగా పోతే అత్యవసరంగా వెళ్ళవలెను. ఆలస్యమైన కొద్దీ చికిత్స ఫలించే అవకాశం తగ్గుతుంది. కారణం తెలియకుండా చెవిలో కాచిన నూనె పోయరాదు. 1956లో స్థాపితమైన కర్నూలు వైద్య కళాశాల ఆసుపత్రిలోను, కడపలో రిమ్స్ పేరుతో 2006లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోను చెవి, ముక్కు, గొంతు విభాగాలు ఉన్నవి.