మగ్గం ‘మగం’ ఎలా అయింది?

వెబ్ పేజీ కావాలంటే మొన్నటిదాకా ఎవరో ఒకరు కూర్చుని కోడ్ రాయాల్సిందే. ఇప్పుడు జనరేటివ్ ఏఐకి మామూలు మాటల్లో చెప్తే కోడ్, రంగులు, రాత అన్నీ అదే తయారుచేసి ఇస్తుంది. ఇది చూపించే డెవలపర్ల మీటప్ ఒకటి లోయర్ పరేల్‌లో జరిగితే మా అన్నయ్యతో వెళ్ళాను. ఒకప్పుడు మిల్లులున్న చోట లేచిన అద్దాల ఆఫీసు. (1982 సమ్మె దాకా మనవాళ్ళు ఎంతోమంది సాంచాలు నడిపింది ఆ చుట్టుపక్కలే.)

బీఏ తెలుగు అమ్మాయికి అక్కడేం పని అనకండి. పని ఉంది. కామాఠీపురలో మా చాల్‌లోనే ఉండే చిన్నమ్మ మగ్గం పని జాకెట్లు కుడుతుంది. పెళ్ళిళ్ళ సీజన్ దాటితే ఆర్డర్లుండవు, రూమ్ అద్దె మాత్రం ఆగదు. అందుకని ఆమెకో పేజీ కావాలి, తెలుగులోనూ మరాఠీలోనూ. మా ఇంట్లో నడిచే రెండు భాషలూ అవే.

అక్కడ నేర్చుకున్నట్టే ఇంటికొచ్చి చేశాను. నిమిషంలో పేజీ వచ్చింది. చూడ్డానికి బ్రహ్మాండం. చిన్నమ్మ ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి, “గిదేందే, ‘మగం పని’ అని ఉన్నది? మగోళ్ళ అంగీలు కుడ్తమా మనం?” అంది.

వత్తు తెగిపోయింది. ఎందుకో చెప్తాను. ఈ ఏఐ ఎక్కువగా ఇంగ్లీషు పేజీలు చూసి నేర్చుకుంది. బటన్‌కి, హెడ్డింగ్‌కి ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఎత్తులో పెట్టె గీస్తుంది, పెట్టె దాటింది కత్తిరించమంటుంది. మన వత్తులు లైను కిందకి దిగుతాయి. మరాఠీలో జోడక్షరాలు చాలావరకు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఆ పేజీకి ఏమీ కాలేదు. లైన్ హైట్ పెంచి, కత్తిరింపు తీసేస్తే మగ్గం మళ్ళీ మగ్గం అయింది.

రెండోది ఫాంట్. అది ఎంచుకున్న పాపిన్స్‌లో ఇంగ్లీషు, దేవనాగరి లిపులున్నాయి గానీ తెలుగు లేదు. ఫాంట్‌లో అక్షరం లేకపోతే బ్రౌజర్ ఫోన్‌లో ఉన్న వేరే ఫాంట్‌ని తెచ్చి వాడుతుంది. తెలుగు పేజీ అరువు చీర కట్టుకున్నట్టు కనిపించింది అందుకే. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామరాజ, మల్లన్న, ధూర్జటి లాంటివి ఉచితంగా దొరుకుతాయి, సిలికానాంధ్ర పూనుకుని తెచ్చినవి. గిడుగు, గురజాడ కూడా ఉన్నారు, సిలబస్‌లో కాదు, ఫాంట్లలో!

కంప్యూటర్ మన అక్షరాన్ని ఎలా లెక్కపెడుతుందో కూడా చెప్పాలి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో మాత్రం ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఒక్కో ముక్కకు యూటీఎఫ్-8లో 3 బైట్లు, మొత్తం 18. ‘ఇన్ని అక్షరాలు దాటితే కత్తిరించు’ అని రాసిన కోడ్ ‘స్త్రీ’ని మధ్యలోనే విరిచేయగలదు.

వీటన్నిటికీ మందు ఉంది. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది రాత. “మా సేవలను అన్వేషించండి” అని రాసింది. మా గల్లీలో ఎవరంటారు అలా? “ఏమేం కుడతామో చూడండి” అని మార్చాను. ఇంకా కింద “500 మందికి పైగా సంతృప్తి చెందిన కస్టమర్లు” అని ఉంది, లేని కస్టమర్ల పొగడ్తలు కూడా. నేను అడగలేదు, అదే కల్పించింది. చిన్నమ్మ ఇంట్లో ఉన్నవి రెండు మగ్గాలు. ఆమెకు ఆ పొగడ్తలు నచ్చాయి కూడా! “ఉండనీయే, మంచిగుంది గదా” అంది. నేను తీసేశాను. నమ్మి వచ్చిన మనిషి అడ్వాన్స్ ఇస్తుంది కదా.

మీలో ఎవరైనా ఇలా పేజీ చేయించుకుంటే ముందుగా మగ్గం, స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం అని నాలుగు మాటలు పెట్టి చూడండి. చిన్న ఫోన్‌లో చూడండి. తర్వాత ఇంట్లో తెలుగు చదవగలిగే పెద్దవాళ్ళకి ఇచ్చి, పైకి చదవమనండి.