ఇక్కణ్ణుంచి అక్కడి దాకా

ఉస్మానియా పరిధిలో ఇంజినీరింగ్ చదివినవాళ్లు చాలా సంగతులు మర్చిపోతారు గానీ, 12 అంకెల హాల్ టికెట్ నంబరును మాత్రం మర్చిపోరు. ఫలితాలు వచ్చిన రోజు క్యాంపస్‌లో, తార్నాక నెట్ సెంటర్లలో అందరి నోటా ఆ నంబర్లే. మొదటి నాలుగు అంకెలు కాలేజీవి. తర్వాతి రెండు చేరిన సంవత్సరానివి, ఆపై మూడు బ్రాంచివి, చివరి మూడు విద్యార్థివి. 733 కనబడితే కంప్యూటర్ సైన్స్ అని తెలిసిపోతుంది.

లక్షల రికార్డులున్న ఫైలు ఒకటి ఉందనుకుందాం. అందులో మనకు కావలసింది ఒక్క కాలేజీలో ఒక్క బ్యాచి, ఒక్క బ్రాంచి. అంటే 1005-19-733-000 నుంచి 1005-19-733-999 దాకా. మిగతావాటి జోలికి వెళ్లకుండా ఆ కాస్త ముక్కనే చదవడం ఎలా? ఇవాళ ఎవరికీ ఇది ప్రశ్నలా కూడా తోచదు. కానీ దీనికి జవాబు దొరకడానికి కంప్యూటర్ శాస్త్రానికి దాదాపు పాతికేళ్లు పట్టింది.

కార్డులు, టేపుల కాలంలో ఆ వీలే లేదు. టేపు మధ్యలో ఉన్న రికార్డు కావాలంటే ముందున్నవన్నీ దాటుకుంటూ పోవాల్సిందే. 1956లో ఐబీఎం రామాక్ వచ్చింది. యాభై పళ్లేలు, యాభై లక్షల అక్షరాలు. చదివే చెయ్యి కావలసిన చోటికి నేరుగా వెళ్లగలిగింది. అయితే ఎక్కడికి వెళ్లాలో ఎవరు చెప్పాలి? ఆ పనికి 1960లలో ఐసామ్ పద్ధతి వచ్చింది. నిఘంటువులో ప్రతి పుట పైనా మొదటి మాట, చివరి మాట అచ్చువేసినట్టు, రికార్డులను కీ (రికార్డును గుర్తుపట్టే నంబరు లేదా పేరు) వరసలో పేర్చి, ఏ కీ ఏ ట్రాక్‌లో ఉందో చెప్పే సూచికను పక్కనే ఉంచడం దీని ఉపాయం. కొత్త రికార్డులు చేరేకొద్దీ అవి పొంగి పక్క జాగాల్లోకి పోయేవి, ఫైలు మందగించేది, మళ్లీ మొత్తం సర్దుకోవాల్సి వచ్చేది. బోయింగ్ పరిశోధనశాలలో పనిచేస్తున్న బేయర్, మెక్‌క్రైట్ 1970లో బి-ట్రీ కనిపెట్టి ఈ బాధ తీర్చారు. ఒక్కో మెట్టులో వంద కీలు పడితే, పది లక్షల రికార్డుల్లో ఏ ఒక్కదానికైనా మూడు మెట్లు దిగితే చాలు. పైగా ఎన్ని రికార్డులు కొత్తగా చేరినా చెట్టు తనను తాను సరిచేసుకుంటుంది. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు అందమైన ఆలోచనల్లో ఇదొకటి.

ఈ సౌకర్యం మామూలు ప్రోగ్రామరు చేతికి అందింది వ్యాపార భాషల ద్వారా. 1959లో ఐబీఎం 1401 కోసం పుట్టిన ఆర్‌పీజీ, 1969లో సిస్టమ్/3తో ఆర్‌పీజీ టూ అయింది. అందులో ఫైలు వివరాలు రాసే కాగితం మీద 28వ గడిలో ‘ఎల్’ అని వేస్తే హద్దుల మధ్య చదవమని అర్థం. ఆ హద్దులు వేరే ఫైలులో ఉండేవి, ఒక్కో రికార్డులో రెండేసి కీలు: కింది హద్దు, పై హద్దు. యంత్రం ఆ జంటను తీసుకుని, వాటి మధ్యవి చదివి, తర్వాతి జంటకు వెళ్లేది. ప్రోగ్రాములోనే హద్దు పెట్టుకోవడానికి సెట్‌ఎల్‌ఎల్ ఆజ్ఞ ఉండేది. ఇచ్చిన కీకి సమానమైన లేదా దానికన్నా పెద్దదైన మొదటి రికార్డు దగ్గర అది వేలు పెట్టి ఆగుతుంది. రికార్డును మాత్రం చదవదు.

కోబాల్‌లో ఈ పని 1974 ప్రమాణంతో వచ్చిన స్టార్ట్ క్రియది. కింది హద్దును కీలో పెట్టి, ‘కీ ఈజ్ నాట్ లెస్ దెన్’ అని స్టార్ట్ చేసి, ఆపై రీడ్ నెక్స్ట్ అంటూ ఒక్కొక్కటే చదువుకుంటూ పోవాలి. ఇక్కడే చాలామంది కాలు జారేది. స్టార్ట్‌కు మొదలు తెలుసు, చివర తెలియదు. 999 దాటామా లేదా అని ప్రతి రీడ్ తర్వాతా ప్రోగ్రామరే చూసుకోవాలి. ఆ ఒక్క షరతు మర్చిపోతే ప్రోగ్రాము 733 దాటి పక్క బ్రాంచిలోకి, అక్కణ్ణుంచి పక్క కాలేజీలోకి వెళ్లి ఫైలు చివరిదాకా చదివేస్తుంది. ఎక్కడా తప్పు చూపించదు.

అసలు కిటుకు కీ కట్టుబాటులో ఉంది. హాల్ టికెట్ నంబరులో కాలేజీ ముందుంది కాబట్టి ఒక కాలేజీ పిల్లలంతా ఒకేచోట ఉంటారు. అన్ని కాలేజీల కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు కావాలంటే మాత్రం ఒక్క హద్దుల జంట సరిపోదు, వాళ్లు ఫైలంతా చెదిరి ఉంటారు. దానికి బ్రాంచి ముందుండే రెండో కీ కట్టుకోవాలి. సంవత్సరానికి రెండే అంకెలు ఉండటంలో ఇంకో చిక్కు. 97 బ్యాచి నుంచి 00 బ్యాచి దాకా అని అడిగితే యంత్రం దృష్టిలో మొదలు కన్నా చివర చిన్నది, ఒక్క రికార్డూ రాదు. 1990ల చివర అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోబాల్ నేర్చుకున్న వేలమందికి వైటూకే పేరుతో బతుకుతెరువు చూపింది ఇలాంటి రెండంకెల సంవత్సరాలే.

ఏది ముందు, ఏది వెనక అన్నది కూడా యంత్రాన్ని బట్టి మారుతుంది. ఐబీఎం పెద్ద యంత్రాలు వాడే ఎబ్సిడిక్ కోడ్‌లో అక్షరాల తర్వాత అంకెలు. మన పీసీల ఆస్కీ కోడ్‌లో అంకెలే ముందు. ‘ఎ’ నుంచి 9 దాకా అన్న హద్దు అక్కడ నిండుగా, ఇక్కడ ఖాళీగా ఉంటుంది. తెలుగు మాటకొస్తే, మన వర్ణమాలలో ‘ళ’ హకారం తర్వాత వస్తుంది. యూనికోడ్‌లో ‘ల’ పక్కనే, ‘వ’ కన్నా ముందు ఉంటుంది. యూనికోడ్ వరసలోనే పేర్చిన ఫైలులో ‘కవ’ దగ్గర మొదలుపెట్టి ముందుకు చదివితే కవిత దొరుకుతుంది, కళావతి దొరకదు. మన ఓటరు జాబితాలకూ గ్రంథాలయ సూచికలకూ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

ఇవాళ ఎస్‌క్యూఎల్‌లో ‘బిట్వీన్’ అని రాస్తే, దానికి తగ్గ సూచిక ఉన్నచోట లోపల జరిగేది ఈ పనే. పాత ఆజ్ఞలూ పోలేదు. 2025లో విడుదలైన ఐబీఎం ఐ 7.6 ఆపరేటింగ్ సిస్టమ్‌లో సెట్‌ఎల్‌ఎల్ ఇంకా పనిచేస్తోంది.

తార్నాకలో గది తీసుకుని కంప్యూటర్లు చదువుతున్న పిల్లలకు ఒక మాట. గ్నూకోబాల్ ఉచితంగా దొరుకుతుంది. లక్ష ఉత్తుత్తి హాల్ టికెట్ నంబర్లతో ఇండెక్స్‌డ్ ఫైలు తయారుచేయండి. ఒక బ్రాంచిని మొదట ఫైలంతా చదివి వెతకండి, తర్వాత స్టార్ట్‌తో వెతకండి. రెండుసార్లూ ఎన్ని రికార్డులు చదవాల్సి వచ్చిందో లెక్కపెట్టి చూడండి.