నేలను బట్టి ఆట

గండికోటలో బండ మీద ఒక రకంగా, గరుసులో ఒక రకంగా నడుస్తాము. టెన్నిస్ కూడా అంతే. మట్టి కోర్టులో బంతి నిదానంగా వచ్చి ఎత్తు లేస్తుంది. ఓపికగా ఆడాలి. పచ్చికలో జారి కిందుగా వస్తుంది. మోకాళ్లు వంచి తొందరగా కొట్టాలి. గట్టి కోర్టులో సమంగా లేస్తుంది.

హైదరాబాదు సానియా మీర్జా చిన్నప్పుడు పేడ అలికిన కోర్టుల్లో ఆడింది. తర్వాత జోడీ ఆటల్లో 2009లో ఆస్ట్రేలియా గట్టి కోర్టులో, 2012లో ఫ్రాన్సు మట్టిలో, 2015లో వింబుల్డన్ పచ్చికలో గెలిచింది.

మొన్న పోటీల్లో మేము సిమెంటు నేల మీద టెన్నికాయిట్ ఆడినాము. మన గ్రౌండులో లాగా జారి ఆగబోతే, కాలు ఆడనే నిలిచిపోయి బోర్లా పడ్డాను. "వీళ్లకు ఆట రాదు" అని నవ్వినారు. ఆట వచ్చు. నేలే కొత్త.

వార్డెన్ మేడమ్ గారూ, ఈసారి పోటీకి ముందు రెండు రోజులు మమ్మల్ని సిమెంటు మీద ఆడించండి.

— 9వ తరగతి విద్యార్థిని